పద్నాలుగు వేల మంది ఫాలోవర్లున్నా బేరం ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాది కడియం మండలంలో రెండున్నర ఎకరాల నర్సరీ. మావయ్యగారు పెట్టింది. ఆయన పోయాక మా వారు మొక్కలు చూసుకుంటున్నారు, లెక్కలూ ఫోన్లూ నేను చూసుకుంటాను. ఎం.కామ్ చదివాను. మాకు బేరాలు మూడు రకాలుగా వస్తాయి. కాంట్రాక్టర్లు లారీ లోడు ఎత్తుతారు, డబ్బులు మాత్రం ఆరు నెలలకి గాని రావు. ఏడాదిగా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెట్టి ఇంటి మొక్కలు కొరియర్‌లో పంపుతున్నాను. పద్నాలుగు వేల మంది ఫాలోవర్లున్నారు, పార్సిళ్లు నెలకి డెబ్భై దాటవు. ఒక్కోటి 450 రూపాయలుంటే ఖర్చులు పోను 90 మిగలడం గొప్ప. అప్పుడప్పుడు హైదరాబాద్, వైజాగ్ వైపు నుంచి ఫామ్‌హౌస్ వాళ్లు కారేసుకొచ్చి రెండు మూడొందల మొక్కలు రాయించుకుని డబ్బు కట్టి వెళ్తారు, మాకు పన్నెండు వేల దాకా మిగులుతుంది. గట్టు వెంబడి పచ్చటి గోడలా పెరిగే కోనోకార్పస్ మొక్క మీద మా పాత వీడియో ఒకటి యూట్యూబ్‌లో బాగా తిరిగింది, దానికి గుజరాత్ నుంచి కూడా ఫోన్లు వస్తాయి గాని ఒక్కరూ కొనరు. రాజమండ్రిలో ఒక ఏజెన్సీ వాళ్లు నెలకి 25 వేలకి డిజిటల్ మార్కెటింగ్ చేస్తామంటున్నారు. ఫీజు 15 వేలు, యాడ్స్‌కి 10 వేలు, జీఎస్టీ అదనం, ఆరు నెలల అగ్రిమెంట్. అత్తయ్యగారేమో "మొక్క బాగుంటే బేరం అదే వస్తుంది, ఫోనుకి పాతిక వేలేంటి" అంటున్నారు. ఇది చాలదన్నట్టు మా వీడియోలు ఎవరో వాళ్ల పేజీలో పెట్టుకుని మా పేరుతో అడ్వాన్సులు వసూలు చేశారని తెలిసింది. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ అగ్రిమెంట్ టెన్షన్ పక్కన పెట్టండి. ఇప్పుడే సంతకం పెట్టక్కర్లేదు. ఏజెన్సీ వాళ్లు మోసగాళ్లని నేననట్లేదు. వాళ్లు మీకు అమ్ముతానంటున్నది ఇంకా ఎక్కువ మంది చూడటం. మిమ్మల్ని ఇప్పటికే పద్నాలుగు వేల మంది చూస్తున్నారు. చూసేవాళ్లు తక్కువైతే కదా ఆ మందు పనికొచ్చేది!

లెక్క వేసి చూడండి. 25 వేలకి 18 శాతం జీఎస్టీ కలిపితే 29,500. మొక్కల మీద జీఎస్టీ లేదు కాబట్టి మీరు కట్టిన ఆ 4,500 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే అమ్మకం మీద కట్టే పన్నులో తగ్గించుకునేలా, వెనక్కి వచ్చేది కూడా కాదు. పార్సిల్‌కి 90 మిగిలితే, ఏజెన్సీ ఖర్చు తిరిగి రావడానికే నెలకి 328 పార్సిళ్లు వెళ్లాలి, అదీ ఇప్పుడు వెళ్తున్న డెబ్భైకి పైన. అంటే రోజుకి పదకొండు కొత్త పార్సిళ్లు. ప్రతి మొక్కకీ వేళ్ల దగ్గర కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) చుట్టాలి, అట్టపెట్టెకి కన్నాలు పెట్టాలి, అడ్రసు రాయాలి, "ఇంకా రాలేదండీ" అన్న ఫోన్లకి జవాబు చెప్పాలి, ఏప్రిల్ ఎండల్లో దారిలో వాడిపోయిన మొక్కకి మళ్లీ మొక్క పంపాలి. ఇంత చేసి సున్నాకి చేరతారు. యాడ్స్ ఎంత బాగా చేసినా ఈ లెక్క మారదు, ఎందుకంటే తప్పు యాడ్‌లో లేదు, మనం ఎంచుకున్న బేరంలో ఉంది.

అదే ఫామ్‌హౌస్ బేరాలైతే? మూడొస్తే 36 వేలు. ఏజెన్సీ ఖర్చు పోయినా చేతిలో ఆరున్నర వేలుంటాయి. ఏజెన్సీ లేకుండా సొంతంగా తెచ్చుకుంటే ఇంకా చెప్పేదేముంది.

మీ ఉత్తరంలో "అప్పుడప్పుడు" అని ఒక్క ముక్కలో దాటేసిన ఆ మనిషే మీ అసలు కస్టమరు. అరువు అడగడు, ఒక్క మొక్క కోసం నాలుగు రోజులు చాటింగ్ చెయ్యడు, వందల్లో కొంటాడు, నచ్చితే పక్క ఫామ్‌హౌస్ ఆయన్ని కూడా పంపిస్తాడు. మీ డిజిటల్ మార్కెటింగ్ మొత్తం, ఏడాది పాటైనా, ఈయన ఒక్కడి కోసమే చెయ్యండి. కాంట్రాక్టర్ల లోడ్లు ఎలాగూ పాత పరిచయాల మీద నడుస్తాయి, వాటికి రీల్స్ అక్కర్లేదు. కొరియర్ పార్సిళ్లని పూర్తిగా ఆపెయ్యమనను గాని, 1,500 రూపాయలకి తక్కువైతే పంపం అని ఒక మాట పెట్టెయ్యండి. కొందరు తిడతారు, పర్లేదు.

ఇప్పుడు ఆయన ఎలా కొంటాడో చూద్దాం. షాద్‌నగర్ దగ్గరో, చేవెళ్ల దగ్గరో అరెకరమో ఎకరమో కొన్నాడు. ఫెన్సింగ్ అయింది, బోరు పడింది. ఆదివారం రాత్రి భోంచేసి ఫోన్ పట్టుకుని "ఎకరానికి ఎన్ని మామిడి మొక్కలు" అని వెతుకుతాడు. తర్వాత యూట్యూబ్. రెండు మూడు వీడియోలు చూశాక "కడియం నర్సరీ" అని మ్యాప్స్‌లో కొడతాడు, డజన్లకొద్దీ పేర్లొస్తాయి. స్టార్లు, ఫోటోలు చూసి ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేస్తాడు. వాట్సాప్‌లో ఫోటోలడుగుతాడు. ఆ పైన వస్తాడు, లేదా డబ్బు పంపించి మొక్కలు పంపమంటాడు. ఈ దారిలో ఇన్‌స్టాగ్రామ్ ఎక్కడైనా తగిలిందా? ఆయన భార్య రీల్ చూసి చూపించి ఉండొచ్చు, అంతకు మించి లేదు. కాబట్టి మీ కష్టం గూగుల్ మ్యాప్స్, యూట్యూబ్, వాట్సాప్ మీద పెట్టండి. మీ రీల్స్‌కి పట్టే టైములో సగం చాలు.

మ్యాప్స్ సంగతి ముందు, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు, మన ఊళ్లలో ఎక్కువ మంది తప్పుగా పెట్టేది కూడా అదే. పేరుకి కడియం అంటాం గాని నర్సరీలు కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఇలా చుట్టుపక్కలంతా పరుచుకుని ఉన్నాయి. హైవే దిగిన కారు పక్క నర్సరీ గేటు ముందు ఆగితే ఆ బేరం పక్కవాళ్లదే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (మ్యాప్స్‌లో మీ నర్సరీ పేరు మీద కనబడే పేజీ) పిన్ను కచ్చితంగా మీ గేటు మీద ఉందో లేదో, ఎవరిదైనా ఫోన్‌లో పెట్టి హైవే నుంచి బండి మీద వచ్చి చూడండి. మొదటి ఫోటో గులాబీలది కాకుండా మీ గేటూ, పేరు బోర్డూ కనబడేది పెట్టండి. కొత్తగా వచ్చేవాడు దాన్నే వెతుక్కుంటాడు. ప్రొఫైల్ మీ సొంత జీమెయిల్ మీద ఉండాలి, తమ్ముడి స్నేహితుడి మెయిల్ మీద కాదు. వెరిఫికేషన్‌కి గూగుల్ తరచుగా వీడియో అడుగుతుంది. బోర్డు, లోపల మొక్కలు, మీ బిల్లుబుక్కు కనబడేలా ఒకే దెబ్బలో తీసి పంపండి.

రివ్యూలు లోడు ఎత్తే రోజున అడగకండి. ఆ రోజు మొక్కలన్నీ పచ్చగానే ఉంటాయి, ఆ మాటకి విలువ లేదు. నాటిన నెల తర్వాత ఫోన్ చేసి "ఎన్ని బతికాయండీ?" అని అడగండి. బాగున్నాయంటే అప్పుడు లింకు పంపి, వాళ్ల స్థలంలో మొక్కల ఫోటోతో రాయమనండి. "300 తెచ్చాను, నాలుగు పోయాయి, వాటికి మళ్లీ ఇచ్చారు" అని ఒక్కరు రాస్తే యాభై "సూపర్ నర్సరీ"ల పెట్టు. డబ్బులిచ్చి రివ్యూలు రాయించడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం, దొరికితే ప్రొఫైలే పోవచ్చు. అలా రాయించే కుర్రాళ్లు మీకూ ఫోన్ చేస్తారు, నమస్కారం పెట్టి వదిలెయ్యండి.

ఇక వీడియోలు. నర్సరీ వీడియో అనగానే మనవాళ్లు బండి మీద కూర్చుని వరుసల మధ్య తిరుగుతూ, పాట పెట్టి, "ధర కోసం మెసేజ్ చెయ్యండి" అంటారు. చూడ్డానికి బావుంటుంది. కాని మన షాద్‌నగర్ ఆయనకి కావాల్సింది అందం కాదండీ. ఆయనకి భయాలున్నాయి. బంగినపల్లి అని ఇచ్చిన మొక్క నాలుగేళ్లకి కాపుకొచ్చాక ఇంకేదో మామిడి అని తేలితే? కవర్లో ఏళ్ల తరబడి ఉండిపోయి వేళ్లు చుట్టుకుపోయిన మొక్క అంటగడితే? లారీలో సగం చస్తే? డబ్బు పంపాక ఫోన్ ఎత్తకపోతే? అత్తయ్యగారు చెప్పిన "మొక్క బాగుంటే" అన్న మాట నిజమే, ఆ బాగోవడం కారెక్కి వచ్చినవాడికి కనబడుతుంది. నాలుగొందల కిలోమీటర్ల అవతల కూర్చున్నవాడికి అది ఎలా కనబడాలి? మీరు తీసే ప్రతి వీడియో ఆ పని చెయ్యాలి.

ఒక వీడియో ఎలా ఉండాలో చెప్తాను. ఒక వెదురుగెడ తీసుకుని అడుగుకొక గీత చొప్పున తెల్లరంగు వెయ్యండి. మామిడి అంటు పక్కన దాన్ని నిలబెట్టండి. "ఇది నాలుగడుగులు, 12×12 అంగుళాల కవరు" అని చెప్పండి. కెమెరాని కిందకి దించి అంటు కట్టిన చోటు చూపించండి, అది ఎంత గట్టిగా అతుక్కుందో కనబడాలి. తర్వాత మీ వారిని బ్లేడుతో కవరు చీల్చమనండి. మట్టి బెడ్డ చెదరకుండా, తెల్లటి కొత్త వేళ్లు పైకి కనబడుతూ వచ్చిందనుకోండి, ఆ పది సెకన్లు ఏ ఏజెన్సీ కూడా తీసివ్వలేని యాడ్. పక్కనే వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయిన మొక్కొకటి పెట్టి "ఇలాంటిది ఎవరిచ్చినా తీసుకోకండి" అని చెప్పండి. కవరు చీల్చిన మంచి మొక్కని ఖర్చు అనుకోకండి, దాన్ని తిరిగి పెద్ద కవర్లోకి మార్చుకోవచ్చు. చివర్లో తేదీ చెప్పండి, మీ బోర్డు చూపించండి.

అత్తయ్యగారిని కూడా ఒప్పించండి. మామిడి ఆకు నలిపి వాసన చూసి రకం పోల్చుకునేవాళ్లు మీ తరంలో తక్కువ, ఆవిడ తరంలో ఉంటారు. ఆవిడ సువర్ణరేఖ ఆకూ, బంగినపల్లి ఆకూ పక్కపక్కన పెట్టి తేడా చెప్తుంటే, మీ తల్లి చెట్లని చూపిస్తుంటే, ఆ వీడియో రకం గురించిన భయం సగం తీర్చేస్తుంది. మేకప్పులూ స్క్రిప్టులూ వద్దు. ఆవిడ మామూలుగా కస్టమర్‌తో ఎలా మాట్లాడతారో అలాగే.

ఇంకో రకం వీడియోలు ఉన్నాయి, నా దృష్టిలో అసలు బేరం తెచ్చేవి అవే: మొక్కల లెక్క చెప్పేవి. ఎకరం చదరంగా ఉంటే చుట్టుకొలత 254 మీటర్లు. గట్టు వెంబడి మూడు మీటర్లకొకటి పెడితే 85 మొక్కలు. మామిడి పది మీటర్ల ఎడంలో అయితే ఎకరానికి 40, అయిదు మీటర్ల ఎడంలో దగ్గర దగ్గరగా పెడితే 160. కొబ్బరి ఎనిమిది మీటర్లకి 63. ఇవి మీకు నోటికొచ్చిన లెక్కలు, ఆయనకి కొత్త. "అరెకరం ఫామ్‌హౌస్‌కి మొక్కలు, మొత్తం ఖర్చు" అని ఒక వీడియో చేసి, గట్టుకి ఏవి, నీడకి ఏవి, పళ్లకి ఏవి, గేటు దగ్గర ఏవి అని కాగితం మీద గీసి చూపించండి. చివరికి మొక్కలకింత, లోడింగ్‌కింత, లారీకింత అని ఒక అంకె చెప్పండి. ధర బయటపెడితే పక్కవాళ్లకి తెలిసిపోతుందని మీ వారు అనొచ్చు. పక్కవాళ్లకి మీ ధర ఎప్పుడో తెలుసండీ, తెలియనిది కస్టమర్‌కే. ఇంత నుంచి ఇంత వరకు, ఫలానా నెల దాకా అని చెప్తే చాలు. ధర తెలిసి ఫోన్ చేసినవాడు కొనడానికే చేస్తాడు.

వీడియో పేరులో జనం వెతికే మాటలుండాలి. "మా నర్సరీ అందాలు పార్ట్ 7" అని పెడితే ఎవరు వెతుకుతారు? "తైవాన్ పింక్ జామ మొక్క ధర", "గంగబొండం కొబ్బరి ఎన్నేళ్లకి కాస్తుంది", ఇలా పెట్టండి. ఈ ప్రశ్నలు కొత్తగా ఆలోచించక్కర్లేదు, రోజూ మీ ఫోన్‌కి వచ్చేవే. వారం రోజులు వచ్చిన ప్రతి ప్రశ్నా నోటుబుక్కులో రాయండి, ఆరు నెలలకి సరిపడా వీడియోలు అందులోంచే వస్తాయి. షార్ట్స్ (యూట్యూబ్‌లో పొట్టి వీడియోలు) పెడితే మాత్రం నంబరు తెర మీదే పెద్దగా వెయ్యండి. షార్ట్స్ కింద వివరణలోనూ కామెంట్లలోనూ రాసిన లింకులు 2023 ఆగస్టు ఆఖరు నుంచి నొక్కితే పనిచెయ్యడం లేదు.

ఆ కోనోకార్పస్ వీడియో గురించి. గుజరాత్ ప్రభుత్వం 2023లో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. పర్యావరణానికీ ఆరోగ్యానికీ మంచిది కాదన్న వాదన వేరే చోట్ల కూడా గట్టిగా నడుస్తోంది. "ఏ ఊళ్లోనైనా వేసుకోవచ్చు, నీళ్లక్కర్లేదు" అంటూ మీ పేరు మీద ఆ వీడియో ఇంకా తిరుగుతుంటే వ్యూస్ వచ్చినా మీకే చెడ్డపేరు. తీసెయ్యండి. వ్యూస్ పోతాయని బాధపడకండి, ఆ వ్యూస్ ఇన్నాళ్లూ మీకు ఒక్క రూపాయి తేలేదని మీరే రాశారు. గట్టుకి పచ్చటి గోడలా పెరిగే మొక్క కావాలని అడిగేవాళ్లు ఇంకా వస్తారు. దాని బదులు ఏం వెయ్యాలో కొత్త వీడియో చేస్తే, పాతదాని జనంలో పనికొచ్చేవాళ్లు అటు వస్తారు.

ఫోన్ మోగాక వాట్సాప్ బిజినెస్ యాప్ పనికొస్తుంది. ఉచితమే. కేటలాగ్‌లో నాలుగొందల మొక్కలు ఎక్కించే పని పెట్టుకోకండి, ఎక్కువ పోయే పాతిక ముప్పై చాలు. అంతకంటే ముఖ్యం, మొదటి మెసేజ్‌కి మీరిచ్చే జవాబు. ఇప్పుడు బహుశా "హాయ్ అండి, ఏ మొక్క కావాలి?" అంటున్నారు. దాని బదులు క్విక్ రిప్లైగా, అంటే ముందే రాసిపెట్టుకుని ఒక్క నొక్కుతో పంపే జవాబుగా, ఇది పెట్టుకోండి:

"నమస్కారమండి. మీ స్థలం ఏ ఊళ్లో? ఎన్ని సెంట్లు? నేల ఎర్రదా, నల్లదా, ఇసుకదా? బోరు ఉందా? ఎప్పుడు నాటదలచుకున్నారు? ఇవి చెప్తే మీకు సరిపోయే మొక్కల లిస్టు, లారీ ఖర్చుతో సహా రేపటిలోగా పంపిస్తాం."

ఈ అయిదింటికీ జవాబిచ్చినవాడు కొనేవాడు. ఇవ్వనివాడు కాలక్షేపానికి అడిగాడు. లేబుల్స్‌లో ఆ తేడా గుర్తు పెట్టుకోండి, మీ రోజులో సగం అక్కడే మిగులుతుంది. రేపటిలోగా అన్నారంటే రేపటిలోగానే పంపాలి. ముగ్గురు నర్సరీల వాళ్లని అడిగి ఉంటాడు కదా, ముందు లిస్టు పంపినవాడికి సగం బేరం అయిపోయినట్టే.

వాట్సాప్‌లో ఒక మెలిక ఉంది. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుంది. మొక్కలు తీసుకెళ్లినవాడు మీ నంబరు ఎందుకు సేవ్ చేసుకోవాలి? కారణం మీరివ్వాలి. నాటిన పదిహేనో రోజున నీళ్లు ఎలా పెట్టాలో, నెలన్నరకి అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎందుకు గిల్లాలో, చలికాలంలో ఏ మందు కొట్టాలో రెండు మాటలు పంపుతాం, నంబరు సేవ్ చేసుకోండి అని లోడు రోజే చెప్పండి. రోజూ గుడ్‌మార్నింగ్‌లూ పండగ ఫోటోలూ పంపితే బ్లాక్ చేస్తారు.

ఇంకో మాట. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు మన జిల్లాల్లో లక్షల మంది ఫాలోవర్లున్నవాళ్లు తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చారు. యాప్‌లో ఉన్న ఫాలోవర్లు యాప్‌వాడివాళ్లు. మీ పుస్తకంలో పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ, ఏ మొక్కలు తీసుకెళ్లాడో రాసి ఉన్నవాడే మీవాడు. మావయ్యగారి పాత బిల్లుబుక్కులు అటక మీద ఉండే ఉంటాయి. దించండి. పదేళ్ల కిందట తోట వేసినాయనకి ఫోన్ చేసి "మామిళ్లు ఎలా కాస్తున్నాయండీ, నేను ఫలానా వారి కోడల్ని" అంటే ఆయన సంతోషిస్తాడు. పోయిన మొక్కల స్థానంలో కొత్తవి అడుగుతాడు, ఇల్లు కడుతున్న అల్లుడి నంబరిస్తాడు. వీలైతే ఆ తోటకి వెళ్లి వీడియో తీసుకోండి. మీరు ఇచ్చిన మొక్క పదేళ్లకి చెప్పిన రకమే కాసిందని చూపించడం కంటే పెద్ద రుజువు ఏముంటుంది?

డబ్బు పెట్టి యాడ్స్ వేసేది ఇవన్నీ కుదిరాకే. గట్టు వెయ్యకుండా చేలోకి నీళ్లు వదిలితే ఎటు పోతాయో మీకు చెప్పక్కర్లేదు. మే పదిహేను నుంచి జూన్ ఆఖరి వారం దాకా, నలభై అయిదు రోజులు, రోజుకి 300 చొప్పున పెట్టండి. తొలకరికి నాటాలనుకునేవాడు నిర్ణయం తీసుకునేది ఎండల్లోనే. 13,500 ఖర్చు, జీఎస్టీతో 15,930. రెండు బేరాలొస్తే గట్టెక్కుతారు, ఒక్కటే వస్తే నష్టం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల కింద ఉండే ఆ "బూస్ట్" బటన్ నొక్కకండి, అది ఎక్కువగా లైకులే తెస్తుంది. వాళ్ల యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే యాడ్ పెట్టండి. ఊళ్లు మీరే ఎంచుకోండి: హైదరాబాద్ చుట్టూ షాద్‌నగర్, చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, వైజాగ్ వైపు ఆనందపురం, భోగాపురం. స్థలం అక్కడ ఉన్నా మనిషి నగరంలో ఉంటాడు కాబట్టి నగరం కూడా కలపండి. యాడ్‌కి కొత్త వీడియో అక్కర్లేదు, ఆ కవరు చీల్చే వీడియో చాలు.

ఫలితం చూసుకునేటప్పుడు లైకులు, రీచ్ లెక్కపెట్టకండి. ఎంతమంది అయిదు ప్రశ్నలకీ జవాబిచ్చారు, అందులో ఎంతమందికి లిస్టు పంపారు, ఎంతమంది డబ్బు కట్టారు, ఈ మూడే. ఫోన్ చేసిన ప్రతివాడినీ "మమ్మల్ని ఎక్కడ చూశారండీ?" అని అడిగి పక్కన రాసుకోండి. సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క కంటే నాకు ఈ నోటుబుక్కు మీదే ఎక్కువ నమ్మకం.

దొంగ పేజీ సంగతి మాత్రం ఆలస్యం చెయ్యకండి. ముందుగా ఆ పేజీ, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి. పేజీని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కాపీరైట్ కింద రిపోర్ట్ చెయ్యండి, వీడియో మీది కాబట్టి ఆ దారి మామూలు రిపోర్ట్ కంటే గట్టిది. ఇక ముందు మీ ప్రతి వీడియోలో బోర్డో, నర్సరీ పేరున్న చొక్కానో ఫ్రేములో ఉండాలి, మూలన వేసిన లోగో అయితే కత్తిరించేస్తారు. డబ్బు తీసుకునే యూపీఐలో నర్సరీ పేరే కనబడాలి. ఇప్పుడు మీ వారి పేరు వస్తుంటే బ్యాంకుకి వెళ్లి కరెంట్ అకౌంట్ తెరిచి మార్చుకోండి. "మా పేరు మీద ఈ ఒక్క నంబరుకే డబ్బు పంపండి" అని ప్రతి పేజీలో పైన పెట్టండి. పేరుకి ట్రేడ్‌మార్క్ కూడా వేసేయండి. మొక్కలు 31వ తరగతిలోకి వస్తాయి, చిన్న వ్యాపారాలకి ఆన్‌లైన్ ఫీజు 4,500.

ఏజెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు కదా. పూర్తిగా వద్దనక్కర్లేదు, వీడియో ఎడిటింగ్, యాడ్ సెటప్ లాంటివి వాళ్లకి మనకంటే బాగా వచ్చు. ఆరు నెలలు కాదు, ఒక నెల పని చూస్తామనండి. నెలవారీ ఫీజు కాకుండా ఇన్ని వీడియోలకి ఇంత అని మాట్లాడుకోండి. పేజీలు, యాడ్ అకౌంట్, గూగుల్ ప్రొఫైల్ అన్నీ మీ మెయిల్ మీదే ఉండాలి, వాళ్లకి పని చేసుకునే అనుమతి మాత్రం ఇవ్వండి. మానేసిన రోజున పేజీ తాళాలు వాళ్ల దగ్గర ఉండిపోతే మళ్లీ మీ పేరు కోసం మీరే బతిమాలుకోవాలి. వాళ్లు రీచ్ గ్రాఫులు తీసి చూపిస్తుంటే ఒక్కటే అడగండి: ఇప్పటికే మీ దగ్గర డబ్బు పెట్టినవాళ్లలో ఎంతమందికి, ఎంత ఖర్చుకి, ఎన్ని నిజమైన బేరాలొచ్చాయి, వాళ్లలో ఒకరి నంబరివ్వండి, మేం మాట్లాడుకుంటాం అని. నంబరిస్తే ఫోన్ చేసి కనుక్కుని ముందుకెళ్లండి. ఇవ్వకపోతే ఆ పాతిక వేలతో జూన్‌కి కావాల్సిన అంట్లు కొని పెట్టుకోండి.